ఎర్రగుంట్ల పేరయ్య

ఎర్రగుంట్ల పేరయ్య 19వ శతాబ్దపు తోళ్ల వర్తకుడు, ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవ సంఘాలకు ఆద్యుడు. చరిత్ర పుస్తకాల్లో మాదిగలు క్రైస్తవంలో చేరిన ఈ ఉద్యమమంతా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పేరు మీదే నడుస్తుంది. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే దానికి దారి వేసినవాడు పేరయ్య.

ఆ రోజుల్లో మెట్ట సేద్యానికి మాదిగల చేతిపని ప్రాణాధారం. నూతి నీరు తోడే కపిల బాన, ఎడ్ల తోలు పట్టెడలు, రైతు కాలి చెప్పులు వాళ్లు కుట్టినవే. కూలి మాత్రం కళ్లంలో కొలిచిచ్చే గింజలు. పేరయ్య తోళ్ల బేరం మీద దూరప్రాంతాలు తిరిగేవాడు. అంతకుముందే యోగమార్గంలో గురువుల వద్ద ఉపదేశం పొందిన జిజ్ఞాసువు. ఏలూరు వెళ్లినప్పుడు క్రీస్తు బోధ విన్నాడు. ఇంటికొచ్చి మొదట భార్య నాగమ్మకు చెప్పాడు. ఊరి దేవతల కొలుపులకు దూరమైన ఆ దంపతులను సొంతవాళ్లే వెలివేశారు.

ఇద్దరూ 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ పేరయ్య పల్లె దగ్గర గుడారం వేస్తే, పేరయ్య కూడగట్టిన జనం తిండిగింజలు, పక్కబట్టలు వెంట తెచ్చుకుని అక్కడే ఉండి బోధ విన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు.

విగ్రహాలకు మొక్కరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, ఆదివారం పని చేయరాదు అన్నవి సంఘం నియమాలు. మూడోది పాటించడమే అన్నిటికన్నా కష్టమై ఉంటుంది, ఎందుకంటే అది నేరుగా వెట్టిచాకిరీకి అడ్డుపడింది. పేరయ్య ఆ తర్వాత బోధకుడిగా పల్లెపల్లెకూ నడిచాడు. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.