నవజాత శిశు ఇంటెన్సివ్ కేర్: భారతదేశంలో ప్రాంతీయ లభ్యత

నెలలు నిండకుండా, బరువు తక్కువగా, లేదా పుట్టగానే ఊపిరి అందక ఇబ్బంది పడే బిడ్డలకు ఇచ్చే ప్రత్యేక చికిత్స ఇది. 2011 నాటి కేంద్ర మార్గదర్శకాలు దీన్ని అంచెలుగా విభజించాయి: కాన్పులు జరిగే ప్రతిచోటా శిశు సంరక్షణకు ఒక మూల, రిఫరల్ ఆసుపత్రిలో నాలుగు పడకల విభాగం, జిల్లా ఆసుపత్రిలో కనీసం 12 పడకల ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ యూనిట్, అంటే ఎస్ఎన్‌సీయూ. వెంటిలేటర్, పెద్ద ఆపరేషన్లు ఆ మార్గదర్శకాల ప్రకారం ఎస్ఎన్‌సీయూ పరిధిలోకి రావు. వాటికి ప్రధానంగా బోధనాసుపత్రులే దిక్కు. తొలి ఎస్ఎన్‌సీయూ 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలైందని సాధారణంగా చెబుతారు. వైద్య కళాశాలల్లో ఇలాంటి విభాగాలు అంతకుముందే ఉన్నాయి కాబట్టి, ఆ ఘనతను జిల్లా స్థాయికి పరిమితం చేయడమే సబబు.

జిల్లాకు ఎన్ని యూనిట్లు, ఎన్ని పడకలు అన్న లెక్క లభ్యతను ఎక్కువ చేసి చూపిస్తుంది. ఎస్ఎన్‌సీయూలను, వెంటిలేటర్ ఉన్న నవజాత శిశు ఇంటెన్సివ్ కేర్ యూనిట్లను (ఎన్ఐసీయూ) ఒకే గాటన కట్టినప్పుడు ఈ పొరపాటు మరీ పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ మన్యంలోని పాడేరు ప్రాంతంలో ఏడో నెలలో పుట్టిన బిడ్డకు వెంటిలేటర్ కావాలంటే సాధారణంగా విశాఖపట్నం దాకా ఘాట్ రోడ్డు దిగాల్సి వస్తుంది. ఆ ప్రయాణంలో ఒళ్లు 36.5 డిగ్రీల కంటే చల్లబడినా, చక్కెర పడిపోయినా, చేరిన చోట ఎంత మంచి పరికరాలున్నా కొంత నష్టం అప్పటికే జరిగిపోతుంది. అందుకే బిడ్డ పుట్టాక తరలించడం కంటే, ప్రమాదం కనిపించిన గర్భిణిని ముందే పెద్దాసుపత్రికి చేర్చడం మేలు. గిరిజన ప్రాంతాల్లో, ఉదాహరణకు సాలూరులో, గర్భిణుల వసతి గృహం పెట్టడం వెనక ఉన్న తర్కమూ ఇదే.

అలాగైతే ప్రతి ఏరియా ఆసుపత్రికీ వెంటిలేటర్ ఇస్తే సరిపోదా అని అడగవచ్చు. కాలిఫోర్నియా ఆసుపత్రులపై 2007లో వెలువడిన అధ్యయనంలో, ఇలాంటి కేసులు తక్కువగా చూసే యూనిట్లలో అతి తక్కువ బరువు బిడ్డల మరణాలు ఎక్కువని తేలింది. అక్కడి పరిస్థితి మనకు యథాతథంగా వర్తించకపోవచ్చు గానీ, చెయ్యి తిరిగిన నర్సులు లేని చోట యంత్రం మూలన పడుతుందన్నది కాదనలేం. ముందస్తు నొప్పులు చెప్పి రావన్న అభ్యంతరం మాత్రం నిజమే. అలాంటి బిడ్డలకు జిల్లాలోనే సీప్యాప్ (ముక్కు ద్వారా నిరంతర ఒత్తిడితో గాలి అందించే పద్ధతి), తల్లి ఒంటికి హత్తుకుని ఉంచే కంగారూ పద్ధతి అందుబాటులో ఉండాలి. భారత్ సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే కంగారూ పద్ధతి మొదలుపెట్టిన బిడ్డల్లో మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. దానికి తల్లి పడక కూడా యూనిట్ లోపలే ఉండాలి. పడకల లెక్కల్లో సాధారణంగా వదిలేసేది దాన్నే.