పెట్రోలు బంకుల ఉత్తరకథ

చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారియు, హైదరాబాదునుండి బందరునకు దిగు రహదారియు కలిసికొను బెజవాడ బెంజి సర్కిలునకు ఆ పేరు, టాటావారి బెంజి లారీల విక్రయశాల అచ్చట నుండుటచేత వచ్చెనని నగరవాసులు చెప్పుదురు. జర్మనీ కంపెనీతో 1954లో చేసికొనిన ఒడంబడిక 1969లో ముగిసి, లారీల ముఖమునుండి మూడుకొనల నక్షత్రము తొలగినను, జై ఆంధ్ర ఉద్యమకాలమున 1972 డిసెంబరులో అస్తమించిన కాకాని వెంకటరత్నముగారి పేరు కూడలికి కలిసినను, ఆటోవాని నోట నేటికిని అది బెంజి సర్కిలే.

లారీ వెంట బంకు రాక తప్పదు. పాత బంకు అనగా ముందునకు చాచిన సిమెంటు చూరు, దాని వెనుక నొక గది, అందు బిల్లుపుస్తకము, ఇంజనాయిలు డబ్బాలు, వెలుపల ఎర్రని ఇసుక బకెట్లు. తొలినాటి పంపులకు శిరస్సున గాజుపాత్ర యుండెడిది. మీట నాడించి పెట్రోలు నందులోని కెక్కించి, కొలతగీత కొనువానికి కంటియెదుట చూపి, పిమ్మట బండిలోనికి వదలెడివారు. గాజు పోయి ముల్లు వచ్చిననాడే కొనువాని నమ్మకము కొంత సన్నగిల్లెనని నా యనుమానము.

అమెరికాలో 66వ నంబరు రహదారి వెంట ఇట్టి కట్టడములు కొన్ని ప్రదర్శనశాలలై బ్రతుకుచున్నవి. మన బంకున కట్టి యోగము పట్టకపోవుటకు కారణము అభిరుచిలోపము కాదు, కౌలుపత్రము. బర్మాషెల్, ఎస్సో, కాల్టెక్సు కంపెనీలు పెక్కుచోట్ల పరుల స్థలములను దీర్ఘకాలపు కౌలునకు పుచ్చుకొని బంకులు కట్టినవి. 1974లో ఎస్సోను, 1976లో తక్కిన రెంటిని ప్రభుత్వము స్వాధీనపరచుకొనినది. బర్మాషెల్ చట్టము, ప్రభుత్వము కోరినచో కౌలు పూర్వపు షరతులమీదనే మరల సాగవలెనని విధించినది. బోర్డుమీది పేరు మారెను, అద్దె మారలేదు. చుట్టుపట్ల భూమి వెల ఆకాశమంటుచుండగా పాత అద్దె పుచ్చుకొను యజమాని కోర్టు మెట్లెక్కక యేమి చేయును? ప్రభుత్వసంస్థ ఆ హక్కును న్యాయసమ్మతముగా వాడవలెనే గాని యాంత్రికముగా గాదని సుప్రీంకోర్టు 2007లో తీర్పు చెప్పినది.

స్థలము చేజిక్కిన యజమాని చూరును కాపాడునా? మూసిన బంకులో నేలక్రింది ట్యాంకులను ఖాళీచేసి, పెట్రోలు ఆవిరి తొలగించి, పెకలింపవలసి యుండును. అంత త్రవ్వినపిమ్మట పైగదిని నిలుపుట కెవరు వ్యయపడుదురు? మిగిలినవి వ్యాపారము సాగుచున్న బంకులే. వానిలోను పాత సిమెంటు చూరునకు కంపెనీరంగుల రేకు తొడిగించి, గాజుపాత్ర నిలిచిన దిమ్మెమీద అంకెలు వెలుగు యంత్రమును బిగించినారు.