మెర్సెన్ పట్టికయు నొక పెద్ద సంఖ్యయు

తనచేతను ఒకటిచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధానసంఖ్య యందురు. చిన్నవానిలో దీనిని గుర్తించుట బడిపిల్లలకును సాధ్యమే. ముప్పది తొమ్మిది అంకెల సంఖ్య యెదుట నిలిచినపుడో? అట్టిచోట మనము పెద్దల మాట నమ్మి యూరకుందుము. ఐరోపా పండితులును రెండువందల యేండ్లకు పైగా ఇంచుమించుగా నట్లే యుండిరి.

1644లో ఫ్రాన్సుదేశపు సన్న్యాసి మారిన్ మెర్సెన్ తన గ్రంథమున నొక పట్టిక నిచ్చెను. రెంటిని మరల మరల రెంటితోనే గుణించి, వచ్చినదానినుండి ఒకటి తీసివేయగా నేర్పడు సంఖ్యలను గూర్చినది యది. 2⁵−1 = 31; ఇది ప్రధానము. 2¹¹−1 = 2047; ఇది 23ను 89చే గుణింపగా వచ్చునది గనుక ప్రధానము కాదు. 257 వరకు గల ఘాతాంకములలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అను పదునొకండే ప్రధానముల నిచ్చునని యాయన వ్రాసెను, ఉపపత్తి చూపలేదు. అంత పెద్ద సంఖ్యలను పరీక్షించుట తనకు శక్యము కాదని యాయనయు నొప్పుకొనినదే. ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. ఊహించుట దోషము కాదు; ఊహను సిద్ధాంతముగా నప్పగించుకొనిన తరువాతివారిదే దోషమని మా యభిప్రాయము.

1772లో ఆయిలరు 2³¹−1, అనగా 2147483647, ప్రధానమేయని నిరూపించెను. అటుపిమ్మట నూరేండ్లకు, 1876లో, ఎడ్వర్డ్ లూకా కొత్తదారి త్రొక్కెను. ఆయన భాజకములను వెదకుటయే మానెను. ఒక సంఖ్యను తీసికొని, దాని వర్గమునుండి 2 తీసివేసి, మిగిలినదానిని పరీక్షింపవలసిన సంఖ్యచే భాగించి, శేషమును మాత్రము గ్రహించి, దానికి మరల నట్లే చేయవలయును. పిమ్మట లేమర్ సవరించిన రీతిలో మొదటి సంఖ్య 4. దీనిని 31నకు చేసి చూతము. 4 వర్గము 16. రెండు తీసిన 14. 14 వర్గము 196; రెండు తీసిన 194; దీనిని 31చే భాగింప శేషము 8. 8 వర్గము 64, రెండు తీసిన 62, శేషము సున్న. ఘాతాంకముకంటె రెండు తక్కువ మారులు, అనగా ఇచ్చట మూడు మారులు, చేయునప్పటికి సున్న వచ్చినచో ప్రధానము, రానిచో కాదు.

గణనయంత్రములు లేని యా కాలమున లూకా తన పద్ధతిచే 2¹²⁷−1 ప్రధానమని తేల్చెను. ఆ సంఖ్య యిది: 170141183460469231731687303715884105727. ఆ యేటనే 2⁶⁷−1 ప్రధానము కాదనియు తేల్చెను. ఒకే పట్టికలో నొకటి నిజము, ఒకటి అబద్ధము! విచిత్రమేమన, అది భాగింపబడునని తెలిసినది గాని, దేనిచే భాగింపబడునో తెలియలేదు. ఇంట దొంగ యున్నాడని తెలిసియు దొంగ యెవడో తెలియనట్లు.

ఆ భాజకములను 1903లో అమెరికా గణితశాస్త్ర సంఘపు సభలో ఎఫ్. ఎన్. కోల్ చూపెను. మాటయైన పలుకక, నల్లబల్లపై నొకవైపు 147573952589676412927 వ్రాసి, వేరొకవైపు 193707721ను 761838257287చే గుణించి, రెండును సమానమని చూపి కూర్చుండెనని చెప్పుదురు.

1947 నాటికి పట్టిక యంతయు పరీక్షింపబడెను. 257 కూడ తప్పే. 61, 89, 107 అనునవి చేరవలసియు చేరలేదు. 127 మాత్రము నిలిచినది. 1951 వరకు, డెబ్బదియైదేండ్లు, లోకమునకు తెలిసిన ప్రధానసంఖ్యలలో పెద్దది లూకా తేల్చిన యా సంఖ్యయే.