కొండ సరస్సుల చుట్టూ పరుగు: దూరం తక్కువ, ఎత్తు ఎక్కువ

న్యూ సెటిల్‌మెంట్ (ఖరగ్‌పూర్): ఖరగ్‌పూర్ జంక్షన్‌లోని పొడవైన ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం దానిని మించేవరకు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా ఈ రైల్వే పట్టణానికి పేరు తెచ్చింది. సిక్కింలోని త్సోమ్గో సరస్సు పొడవు 836 మీటర్లు. అంటే ఒక కొస నుంచి మరో కొసకు ఆ సరస్సు ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం కంటే చిన్నది. అయినా న్యూ సెటిల్‌మెంట్ వీధుల్లో ప్రతి ఉదయం పది కిలోమీటర్లు సునాయాసంగా పరుగెత్తే వ్యక్తి ఆ సరస్సు ఒడ్డున రెండు వందల మీటర్లకే ఆగిపోవలసి రావచ్చు. ఖరగ్‌పూర్ సముద్రమట్టానికి కొద్ది పదుల మీటర్ల ఎత్తులో ఉంటే, త్సోమ్గో 3,753 మీటర్ల ఎత్తులో ఉంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు స్థిరపడిన ఈ రైల్వే పట్టణానికి హిమాలయాలు పరాయి రాష్ట్రపు కొండలు కావు. డార్జిలింగ్ జిల్లా పశ్చిమ బెంగాల్‌లోనే ఉంది. రైలులో న్యూ జల్పాయిగురి చేరితే అక్కడి నుంచి కొండ మార్గం మొదలవుతుంది. పరుగును అలవాటుగా చేసుకున్నవారు సెలవు ప్రయాణాల్లోనూ బూట్లు వెంట తీసుకువెళ్తున్న ఈ రోజుల్లో, కొండ సరస్సుల చుట్టూ ఉన్న బాటలు ఎలాంటివో, ఏ ఎత్తులో ఏమి చేయవచ్చో తెలుసుకోవడం అవసరం.

చెరువుకు కట్ట, సరస్సుకు గట్టు

తెలుగువారి మనసులో నీటి ఒడ్డు అంటే ముందుగా మెదిలేది చెరువు కట్ట. కట్ట మనిషి వేసినది, సాధారణంగా ఒక వైపు మాత్రమే ఉంటుంది, దాదాపు తిన్నగా సాగుతుంది. హైదరాబాద్‌లో 16వ శతాబ్దపు హుస్సేన్ సాగర్‌కు ట్యాంక్‌బండ్ అలాంటి కట్టే. చుట్టూ తిరిగి మొదలైన చోటికే చేరే బాట ఆధునిక నగరం కల్పించుకున్న సౌకర్యం. నెక్లెస్ రోడ్డు వచ్చాకే హుస్సేన్ సాగర్ చుట్టూ పరుగు సాధ్యమైంది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ మొదలయ్యేదీ ఆ రోడ్డు మీదే.

ఆల్పైన్ సరస్సు పుట్టుక వేరు. చెట్లు పెరిగే హద్దుకు దరిదాపుల్లోనో, దానికి పైననో, హిమానీనదం కొండను గిన్నెలా తొలిచిన చోట మంచు కరిగిన నీరు నిలిచి ఏర్పడే జలాశయం అది. గిన్నెకు వెనుక వైపు నిటారు రాతి గోడ ఉంటుంది. ముందు వైపు హిమానీనదం తోసుకువచ్చి వదిలిన రాళ్ల దిబ్బ ఉంటుంది. నీటి అంచు ఎక్కడైనా ఒకే మట్టంలో ఉంటుంది కనుక ఒడ్డు వెంట బాట సమతలంగా ఉంటుందని మైదాన వాసులు ఊహిస్తారు. ఊహ తప్పు కాదు, కానీ రాతి గోడ నేరుగా నీటిలోకి దిగే చోట అంచు వెంట నడిచే వీలుండదు. బాట పైకెక్కి, గోడను చుట్టి, మళ్లీ దిగవలసిందే. అందుకే ఎత్తైన సరస్సుల చుట్టూ పూర్తి ప్రదక్షిణ చేసే బాటలు అరుదు. ఉన్నవాటిలోనూ పటంలో కనిపించే దూరానికీ కాళ్లకు తగిలే శ్రమకూ పొంతన ఉండదు.

మిరిక్: మొదటి మెట్టు

ఖరగ్‌పూర్ వాసికి దగ్గరగా, పరుగుకు నిజంగా అనువుగా ఉన్న కొండ సరస్సు మిరిక్. సిలిగురి నుంచి 52 కిలోమీటర్లు, డార్జిలింగ్ నుంచి 49 కిలోమీటర్ల దూరంలో, సుమారు 1,495 మీటర్ల ఎత్తులో ఈ పట్టణం ఉంది. ఇక్కడి సుమేందు సరస్సు పొడవు సుమారు 1.25 కిలోమీటర్లు. దాని చుట్టూ 3.5 కిలోమీటర్ల బాట ఉంది. ఖరగ్‌పూర్ కొలతలో చెప్పాలంటే మూడు ప్లాట్‌ఫారాలకు కాస్త ఎక్కువ. మూడు చుట్లు తిరిగితే పది కిలోమీటర్లు దాటుతాయి.

కచ్చితంగా మాట్లాడితే ఇది ఆల్పైన్ సరస్సు కాదు. హిమానీనదం తొలిచినదీ కాదు. లెప్చా భాషలో మిర్-యోక్, అంటే నిప్పుకు కాలిన చోటు, అన్న మాట నుంచి మిరిక్ పేరు వచ్చిందని చెబుతారు. సరస్సు ఉన్న చోట ఒకప్పుడు చిత్తడి నేల ఉండేది. అందులో నేపాలీలు బోజో అని పిలిచే మొక్కలు దట్టంగా పెరిగేవి. మన ఇళ్లలో పసిపిల్లలకు అరగదీసి నాకించే వస కొమ్ము ఆ మొక్కదే. 1974లో పశ్చిమ బెంగాల్ పర్యాటక శాఖ థుర్బో తేయాకు తోట నుంచి 335 ఎకరాలు సేకరించి పనులు మొదలుపెట్టింది. 1979 ఏప్రిల్‌లో పర్యాటక కేంద్రం ప్రారంభమైంది. తెలుగు లెక్కన చూస్తే మనిషి నిలిపిన నీరు కనుక దీనిని కొండ మీది చెరువు అనడమే న్యాయం.

మనిషి చేతి పని కావడం వల్లనే ఇక్కడ చుట్టూ తిరిగే బాట సాధ్యమైంది. ఒక వైపు ఉద్యానవనం, దుకాణాల సందడి. మరో వైపు ధూపి చెట్ల అడవి, దాని నీడలో చల్లని నేల. ఈ రెంటినీ ఇంద్రేణి అనే వంపు కాలినడక వంతెన కలుపుతుంది. పడమటి ఒడ్డున సింఘా దేవి ఆలయం ఉంది. పర్యాటకులు, గుర్రపు స్వారీలు, పడవల రేవు వద్ద గుంపులు ఉండే వేళల్లో పరుగు కుదరదు. తెల్లవారుజామున మాత్రం బాట దాదాపు ఖాళీ. మబ్బు లేని రోజు కాంచన్‌జంగా కనిపిస్తుంది.

ఈ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే ఆరింట ఒక వంతు తగ్గుతుంది. ఆరోగ్యవంతునికి హాని లేదు. అయితే అదే వేగంతో పరుగెత్తితే ఆయాసం ముందుగా వస్తుంది. గడియారం చూసి కాక ఊపిరి చూసి వేగం నిర్ణయించుకోవాలి. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరైనదే.

పరుగు ప్రపంచంలో మిరిక్‌కు మరో గుర్తింపు కూడా ఉంది. 1990ల నుంచి జరుగుతున్న హిమాలయన్ 100 మైళ్ల స్టేజ్ రేసుకు విడిది పట్టణం ఇదే. అయిదు రోజులలో సుమారు 160 కిలోమీటర్లు సాగే ఆ పోటీ మానేభంజాంగ్ వద్ద మొదలై, సింగలీలా శిఖర శ్రేణి వెంట 3,636 మీటర్ల సందక్‌ఫూ చేరుతుంది. పశ్చిమ బెంగాల్‌లో అత్యంత ఎత్తైన ప్రదేశం అదే. ఆ దారిలో 3,100 మీటర్లకు పైన కాలాపోఖ్రీ అనే చిన్న నల్లని కొలను తగులుతుంది. నేపాలీ పోఖరి, సంస్కృత పుష్కరిణి ఒకే మూలానికి చెందిన మాటలు. మిరిక్ కంటే ఎన్నో రెట్లు చిన్నదైనా, ఎత్తును బట్టి ఆల్పైన్ సరస్సు అన్న మాటకు ఇదే దగ్గర.

ఊపిరి లెక్క

కొండ మీద గాలిలో ప్రాణవాయువు తక్కువ అని వాడుకగా అంటారు. నిజానికి ఎక్కడైనా ప్రాణవాయువు శాతం సుమారు 21. తగ్గేది గాలి పీడనం. త్సోమ్గో ఎత్తులో అది సముద్రమట్టపు పీడనంలో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువ. ఊపిరితిత్తులలోకి వెళ్లే ప్రతి శ్వాసలో ప్రాణవాయువు అణువులు ఆ మేరకు తక్కువగా ఉంటాయి. శరీరం గరిష్ఠంగా వినియోగించగల ప్రాణవాయువు, 1,500 మీటర్లు దాటాక ప్రతి వేయి మీటర్లకు సుమారు ఆరేడు శాతం నుంచి పది శాతం వరకు పడిపోతుంది. మైదానంలో మధ్యస్థ వేగం అనిపించిన పరుగు అక్కడ గరిష్ఠ శ్రమకు చేరువవుతుంది.

ఆయాసం వెంటనే తెలుస్తుంది, ఆగితే తగ్గుతుంది. అసలు ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. 2,500 మీటర్లు దాటి వేగంగా పైకి చేరినవారిలో కొన్ని గంటల తరువాత తలనొప్పి, వికారం, నీరసం, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. దీనినే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అంటున్నారు. అది ముదిరితే ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. ఈ రెండూ ప్రాణాంతకం. విశ్రాంతిగా ఉన్నా ఊపిరి ఆడకపోవడం, అడుగులు తడబడటం, మాట తికమకపడటం కనిపిస్తే తెల్లవారే వరకు ఆగకుండా కిందికి దిగాలి. గాంగ్‌టక్ నుంచి త్సోమ్గో వెళ్లే వేలాది పర్యాటకులు క్షేమంగా తిరిగి రావడానికి ఒక కారణం, లక్షణాలు పైకి తేలేలోపే వారు కిందికి దిగిపోవడం. అది చూసి ఎత్తు ఏమీ చేయదని అనుకోవడం పొరపాటు.

శారీరక దారుఢ్యం దీని నుంచి కాపాడదు. బాగా పరుగెత్తేవారికి ముప్పు తక్కువన్న నమ్మకం చాలామందిలో ఉంది. దానికి ఆధారం లేదు. పైగా తొలి రోజునే తీవ్రంగా శ్రమించడం ముప్పును పెంచుతుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఈ పాఠం ప్రపంచానికి స్పష్టంగా తెలిసింది. ఆ నగరం ఎత్తు 2,240 మీటర్లే. 10,000 మీటర్ల పరుగులో, ఎత్తైన ప్రాంతంలో పెరిగిన కెన్యా వాసి నఫ్తాలీ టెమూ గెలిచారు. అప్పటికి ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న ఆస్ట్రేలియా పరుగు వీరుడు రాన్ క్లార్క్ గమ్యం చేరి కుప్పకూలారు. ఆ ఒలింపిక్స్‌కు సన్నద్ధతలో భాగంగానే స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మారిట్జ్ సరస్సు ప్రాంతం, సుమారు 1,800 మీటర్ల ఎత్తులో, క్రీడాకారుల శిక్షణ కేంద్రంగా ఎదిగింది.

శరీరం సర్దుకుంటుంది, కానీ తన లెక్క ప్రకారం. శ్వాస వేగం మొదటి గంటల్లోనే పెరుగుతుంది. రక్తంలో ఎర్రకణాలు చెప్పుకోదగినంతగా పెరగడానికి వారాలు పడుతుంది. 3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకుండా, మూడు నాలుగు రోజులకొకసారి ఒక విశ్రాంతి రోజు ఉండేలా చూసుకోవాలన్నది వైద్య నిపుణుల సాధారణ సూచన. ముందు జాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ వంటి మందులు వైద్యుని సలహాపైనే తీసుకోవాలి.

ఈ సూచనను ప్రయాణ ప్రణాళికకు అన్వయిస్తే చేదు నిజం ఒకటి బయటపడుతుంది. మిరిక్ 1,495 మీటర్లు, గాంగ్‌టక్ సుమారు 1,650 మీటర్లు. ఈ రెండు చోట్ల ఎన్ని రాత్రులు గడిపినా 3,753 మీటర్లకు శరీరం సిద్ధం కాదు. గాంగ్‌టక్ నుంచి సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణంలోనే 2,100 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. కనుక వారం రోజుల సెలవులో త్సోమ్గో వెళ్లేవారు పరుగు ఆలోచన మానుకుని నెమ్మదిగా నడవడమే మేలు. పరుగు కోరిక తీర్చుకోవడానికి మిరిక్ ఉంది.

చలి మరో లెక్క. ప్రతి వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఆ లెక్కన ఖరగ్‌పూర్‌కూ త్సోమ్గోకూ తేడా 24 డిగ్రీలు. చెమటకు తడిసిన నూలు బనియను మైదానంలో ఒంటిని చల్లబరుస్తుంది, అక్కడ అదే ప్రమాదం. అతినీలలోహిత కిరణాలు వేయి మీటర్లకు పది శాతం పెరుగుతాయి. మంచు మీద పడి తిరిగి తాకే వెలుగు కళ్లను దెబ్బతీస్తుంది కనుక నల్ల కళ్లద్దాలు అలంకారం కాదు.

ఇంతకంటే ఎత్తున కూడా పరుగు పోటీలు జరుగుతున్నాయి. 2023 ఫిబ్రవరి 20న లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు గడ్డకట్టిన ఉపరితలం మీద, సుమారు 4,225 మీటర్ల ఎత్తున, లుకుంగ్ నుంచి మాన్ గ్రామం వరకు 21 కిలోమీటర్ల పరుగు జరిగింది. అది గిన్నిస్ రికార్డుగా నమోదైంది. నిర్వాహకులు దానికి పెట్టిన పేరు 'లాస్ట్ రన్'. వాతావరణ మార్పుతో మంచు కరిగిపోతే అదే చివరి పరుగు కావచ్చన్నది ఆ పేరులోని హెచ్చరిక.

దారి, వేళ

మైదానంలో సాధన వృథా కాదు. ఖరగ్‌పూర్ ఉక్కపోతలో క్రమంగా అలవాటు చేసుకుంటూ పరుగెత్తితే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, గుండెకు మేలు జరుగుతుంది. అది ఎత్తుకు ప్రత్యామ్నాయం మాత్రం కాదు. సమతల పట్టణంలో దొరకనిది మరొకటి ఉంది. ఎక్కుడు, దిగుడు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు మోస్తాయి. ఆ అలవాటు లేనివారికి మరునాడు మెట్లు దిగడం కష్టమవుతుంది. రైల్వే వంతెన మెట్లయినా సరే, బయలుదేరే ముందు కొన్ని వారాలు ఎక్కి దిగడం మంచిది.

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు డార్జిలింగ్, సిక్కిం కొండల్లో పరుగు బాటల మాట అటుంచి రోడ్లే నమ్మదగినవి కావు. వర్షాలు వెనుదిరిగాయని అనుకునే వేళా ప్రమాదం ఉంటుంది. 2025 అక్టోబర్ మొదటి వారంలో కుండపోత వానకు మిరిక్ పరిసరాల్లో కొండచరియలు విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. సిలిగురి–మిరిక్ మార్గంలో దూధియా వద్ద ఇనుప వంతెన కూలింది. 2023 ఏప్రిల్ 4న త్సోమ్గో దారిలో హిమపాతం విరుచుకుపడి ఏడుగురు పర్యాటకులు మరణించారు. అదే ఏడాది అక్టోబర్ 4న ఉత్తర సిక్కింలోని దక్షిణ లొనాక్ హిమానీనద సరస్సు గట్టు తెగి తీస్తా నదిలో వరద ముంచెత్తింది. ప్రయాణానికి ముందు రోజు వాతావరణ శాఖ సూచనలు చూడటం, ఆ ఉదయం రోడ్డు తెరిచి ఉందో లేదో స్థానికంగా విచారించడం తప్పనిసరి.

మిరిక్‌కు అనుమతి పత్రాలు అవసరం లేదు. త్సోమ్గో నాథూ లా సరిహద్దు మార్గంలోని రక్షిత ప్రాంతంలో ఉన్నందున భారతీయులు కూడా గుర్తింపు కార్డు, ఫోటోలతో గాంగ్‌టక్‌లోని నమోదిత ట్రావెల్ ఏజెన్సీ ద్వారా అనుమతి పొందాలి. మంచు పడిన రోజుల్లో అనుమతులు నిలిపివేస్తారు. స్థానికులకు ఆ సరస్సు పవిత్రం. దాని పరిరక్షణకు త్సోమ్గో పోఖ్రీ సంరక్షణ సమితి పనిచేస్తోంది. నడిచినా, పరుగెత్తినా నీటి సీసాలు, తినుబండారాల పొట్లాలు తిరిగి వెంట తెచ్చుకోవాలి. చలికాలంలో సరస్సు గడ్డకడుతుంది. ఆ నెలల్లో మంచు కప్పిన ఒడ్డు ఎక్కడ ముగిసి నీరు ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలియదు కనుక అంచు వైపు వెళ్లకూడదు.