కూడు, గుడ్డ, గూడు... ఆ తర్వాతి పద్దు



ముంబయిలో మనవాళ్ల చరిత్ర అనగానే మనం చెప్పుకునేవి రెండు: నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరాన్ని కట్టిన కామాటీలు, మిల్లుల్లో బతుకు వెతుక్కున్న పద్మశాలీలు. ఆ కామాటీల పేరు మీద వెలసిన కామాటిపురను ఆనుకునే నాగ్‌పాడా ఉంది. అక్కడ మొదలైన ఒక పని గురించి ఈసారి రాస్తున్నాం. దాంతో మన సంఘం నిధికి సంబంధం ఉంది.

1924లో బాంబే పిల్లల చట్టం వచ్చింది. దిక్కులేని పిల్లల్నీ, నేరాల్లో పట్టుబడ్డ పిల్లల్నీ పెద్దవాళ్లతో పాటు జైల్లో వేయకుండా వేరే చూడాలన్నది దాని ఉద్దేశం. 1927లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ ఏర్పడింది. పిల్లలకు కూడు, గుడ్డ, గూడు సమకూర్చే దారి పడింది. కానీ పిల్లవాడు ఇల్లు వదిలి ఎందుకు పారిపోయాడు? తిరిగి పంపిస్తే ఆ ఇంట్లో నిలుస్తాడా? ఇవి తెలుసుకోవాలంటే అందుకు చదువుకున్న మనుషులు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి.

ఆ చదువు 1936లో నాగ్‌పాడాలో మొదలైంది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ ఆధ్వర్యంలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ పెట్టారు. ఇప్పుడు మనం టిస్ అంటున్నది దాన్నే. మరుసటి ఏడాది, 1937లో, ఆ స్కూలే చైల్డ్ గైడెన్స్ క్లినిక్ తెరిచింది. దేశంలో అదే మొదటిదని చెబుతారు. స్కూలుకు డబ్బు పెట్టింది సర్కారు కాదు, టాటా ట్రస్టు. అంటే పిల్లల మనసు సంగతి మొదట పట్టించుకున్నది దాతల సొమ్మే.

సర్కారు ఆ బాధ్యత తలకెత్తుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 2015 జువనైల్ జస్టిస్ చట్టం 53వ సెక్షన్, పిల్లల సంస్థలు ఇవ్వాల్సిన సేవల్లో కౌన్సెలింగ్‌తో సహా మానసిక ఆరోగ్య సేవల్ని పేరుపెట్టి చేర్చింది. ఇప్పుడు మిషన్ వాత్సల్య కింద ఈ ఖర్చును కేంద్రం, మన రాష్ట్రం 60:40 పాళ్లలో భరిస్తాయి. బిడ్డను సంస్థలో వేయకుండా ఇంట్లోనే పెంచుకునే పేద కుటుంబానికి, అర్హత ఉంటే, నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ కూడా ఉంది.

అయితే చిక్కు ఎక్కడుందంటే, బిడ్డకు కౌన్సెలింగ్ జరిగితే సరిపోదు. తల్లో, అమ్మమ్మో కూడా వెళ్లి కూర్చోవాలి. వెళ్లిన రోజు కూలి పోతుంది. రానుపోను ఛార్జీలు అదనం. అక్కడ మరాఠీలోనో హిందీలోనో అడుగుతారు. అమ్మమ్మ గుండెలోని మాట తెలుగులో తప్ప బయటికి రాదు. ఇంత చిన్న ఖర్చుకు ఏ పథకం కోసమూ ఎదురుచూడలేం.

మన సంక్షేమ నిధిలో ప్రస్తుతం రెండు పద్దులున్నాయి: స్కాలర్‌షిప్పులు, అంత్యక్రియల సాయం. రాబోయే సర్వసభ్య సమావేశంలో మూడోది పెట్టాలని మేం ప్రతిపాదిస్తున్నాం. కౌన్సెలింగ్‌కు వెళ్లే కుటుంబానికి ఆ రోజు కూలి, ఛార్జీలు ఇద్దాం. తోడు వెళ్లి, విన్న మాట బయట పెట్టని తెలుగు మనిషిని ఒకరిని పంపుదాం. స్పాన్సర్‌షిప్ దరఖాస్తు నింపడంలో సాయపడదాం.

ఈలోగా ఎవరికైనా అవసరమైతే రెండు నంబర్లు గుర్తుంచుకోండి. ఆపదలో ఉన్న పిల్లలకు 1098. ఇదీ 1996లో ముంబయిలో టిస్ నుంచే మొదలైంది. మనసు బాగోలేనప్పుడు టెలిమానస్ 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

పెళ్లికీ చావుకీ కలిసే సంఘం మనది. ఆ రెంటి మధ్య కుంగిపోతున్న ఇంటికి కూడా వెళ్దాం. మీ అభిప్రాయం సమావేశానికి వచ్చి చెప్పండి.