తమ సరుకు గురించి తామే చెప్పుకున్నవాళ్ళు

1851లో లండన్‌లోని హైడ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం కట్టి, దేశదేశాల సరుకులన్నీ తెచ్చి అందులో పెట్టారు. ఆ ప్రదర్శనకు వరంగల్ తివాచీలు కూడా వెళ్ళాయి. చూసినవాళ్ళు వాటిని మెచ్చుకున్నారు. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, 1880లో, జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ కళల మీద వేసిన పుస్తకంలోనూ వాటి ప్రస్తావన ఉంది. అలా వరంగల్ పేరు నిలిచింది. ఆ ముడులు వేసిన చేతులు ఎవరివో మాత్రం మనకు తెలియదు. సరుకు సముద్రాలు దాటింది గానీ దాని వెంట నేతగాడి మాట వెళ్ళలేదు.

వరంగల్ పక్కనే, హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్ళే దారి మీదుంది హసన్‌పర్తి. ఈ దారిలో చిన్న వ్యాపారం తరతరాలుగా నోటిమాట మీదే నడిచింది. హోలీ పున్నమికి ఎర్రగట్టుగుట్ట జాతరలో దుకాణం పెట్టినవాడు గొంతెత్తి పిలిస్తేనే బేరం కుదిరేది. ఊరందరికీ ఒక సంగతి తెలియాలంటే డప్పు చాటింపు వేయించేవాళ్ళు. తర్వాత గోడల మీద రాతలు వచ్చాయి. రిక్షాకు మైకు కట్టి వీధివీధీ తిప్పారు. సినిమా హాల్లో ఇంటర్వెల్ అప్పుడు కొట్టు పేరుతో స్లైడు వేయించారు. కొత్త సంవత్సరానికి దేవుడి బొమ్మ క్యాలెండరు పంచారు. బట్టల కొట్టువాళ్ళు గుడ్డసంచి మీద తమ పేరు అచ్చు వేయించి ఇస్తే, పెళ్ళి బట్టలు తెచ్చిన ఆ సంచి తర్వాత ఏళ్ళ తరబడి కూరగాయలు మోస్తూ ఊళ్ళు తిరిగేది. ఇదంతా ఏ ఏజెన్సీ సాయమూ లేకుండా, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని తనంతట తానే ఆలోచించి చేసిన ప్రచారం.

వ్యాపారం సాగాలంటే ముందుగా నలుగురికీ నమ్మకం కలిగించాలన్న తెలివి ఓరుగల్లుకు పాతదే. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. ఆ మాట చేరవలసింది ఓడల వ్యాపారులకు. అందుకే దాన్ని రాజధానిలో దాచిపెట్టకుండా వాళ్ళు దిగే రేవులోనే రాతి మీద చెక్కించాడు. రాజు చేసిన పనే అయినా, చిన్న దుకాణదారు కూడా దీన్నుంచి నేర్చుకోవలసింది ఉంది.

తన ప్రచారం తానే చేసుకున్న తెలుగు వ్యాపారుల్లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారికి సాటి వచ్చేవాళ్ళు అరుదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన ఆయన, 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఊరు కాని ఊరు, ఎవరికీ తెలియని తలనొప్పి మందు. ఆయన సంగీత కచేరీలకు వెళ్ళి, వచ్చినవాళ్ళకు ఆ మందు ఉచితంగా పంచిపెట్టారు. ఒకరు నుదుటికి రాసుకుంటే ఆ ఘాటైన వాసన చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ తగులుతుంది, అదేమిటని పక్కవాళ్ళు అడుగుతారు. సరుకే తన సంగతి చెప్పుకునే చోటు చూసుకోవడంలో ఉంది ఆయన నేర్పు.

1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసు నుంచి దాన్ని దినపత్రికగా తెచ్చారు, 1924లో భారతి మొదలుపెట్టారు. మందు అమ్మిన డబ్బు పత్రికలను పోషించింది, పత్రికలు మందు పేరును తెలుగు ఇళ్ళలోకి తీసుకువెళ్ళాయి. అయితే అమ్మకాల కోసమే ఆయన పత్రిక పెట్టారనడం అన్యాయం. ఆంధ్ర కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా, ఆంధ్రోద్యమ నాయకుడిగా ఆయన పడిన శ్రమే అందుకు సాక్ష్యం. జనం కోసం నిలబడిన మనిషి అమ్మే మందు కాబట్టి జనం దాన్ని తమదిగా చూసుకున్నారు. డబ్బుతో కొనే ప్రకటన అంత దూరం వెళ్ళలేదు.

హైదరాబాదులో 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన జిందా తిలిస్మాత్ మరో దారి పట్టింది. సీసా లేబుల్ మీద ఆయన ఒక సిద్దీ బొమ్మ వేయించారు. నిజాం సైన్యంలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ సైనికుల బలం నగరమంతా ఎరిగినదే. చదువు రానివాళ్ళు కూడా ఆ బొమ్మ చూసి సీసాను గుర్తుపట్టగలిగారు. వందేళ్ళు దాటినా ఆ బొమ్మ అలాగే ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన నుమాయిష్ ప్రదర్శన కూడా స్థానిక ఉత్పత్తిదారులను కొనేవాళ్ళ ముందు నిలబెట్టడానికి పుట్టిందే.

వరంగల్ నేతగాళ్ళకు ఇలాంటి గొంతు దొరకలేదు. తివాచీ అయినా దర్రీ అయినా చాలావరకు మధ్యవర్తి చేతుల మీదుగా మార్కెట్టుకు వెళ్ళేది. జైళ్ళలో ఖైదీలతో చవకగా నేయించిన తివాచీలు చేతిపనిని దెబ్బతీస్తున్నాయని బర్డ్‌వుడ్ ఆనాడే మండిపడ్డాడు. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు వచ్చింది. ఇన్నింటి మధ్యా వరంగల్‌లోని కొత్తవాడ మగ్గాలు దర్రీలు నేస్తూనే ఉన్నాయి. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది గొప్ప విజయమే. కానీ ఆ గుర్తింపు కాపాడేది మళ్ళీ ఊరి పేరునే.

ఇదే దారిన కరీంనగర్ దాటి సిరిసిల్ల చేరితే కథ మారుతుంది. అక్కడ నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి తన పేరు ఊరూవాడా తెలిసేలా చేసుకున్నారు, కొడుకు విజయ్ ఆ విద్యను కొనసాగించారు. 2022లో అదే ఊరి వెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానికి కానుకగా పంపారు. ఆ ఏడాది నవంబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని ఆయన పేరు చెప్పారు. హరిప్రసాద్ తన పనితనాన్ని ఎవరి కంటపడాలో వాళ్ళకే నేరుగా పంపారు, అంతే.

హసన్‌పర్తిలో ఇవాళ మగ్గం ఉన్నవాళ్ళకైనా, పిండివంటలు చేసి అమ్మేవాళ్ళకైనా చేతిలో ఫోనుంది, వాట్సాప్ ఉంది. సరుకు మీద ఊరి పేరుతోపాటు చేసినవాళ్ళ పేరు కూడా ఒక చీటీ మీద రాసి అంటించండి. కొనేవాళ్ళు కూడా వరంగల్ దర్రీ కొనేటప్పుడు దాన్ని నేసిందెవరో ఒక్కసారి అడగండి.