పలుపు ముడి, స్కౌట్ ముడి



ఎప్పుడూ వరి, మినుము, ఎరువుల రేట్లు అని రాస్తుంటాను కదా, ఈసారి కాస్త పక్కకి వెళ్తున్నా. ఓపిగ్గా చదవండి. చివర్లో మనందరికీ పనికొచ్చే సంగతి ఉంది.

మొన్న ట్రాక్టరు ట్రక్కు మీద గడ్డి వేసి మోకు బిగిస్తుంటే, డిగ్రీ చదివే మా తమ్ముడి కొడుకు "పెదనాన్నా, ఈ ముడి ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అడిగాడు. బళ్లో అన్నా. వాడు నవ్వాడు. "బళ్లో ముడులేయడం నేర్పుతారా?" అన్నాడు. నేర్పేవాళ్లురా, స్కౌట్స్‌లో అన్నా. వాడికి ఆ పేరే తెలీదు. ఆ రాత్రి పడుకుంటే ఇదంతా గుర్తొచ్చింది. తెల్లారి కూర్చుని రాస్తున్నా.

యాభై దాటినవాళ్లలో కొందరికైనా గుర్తుండాలి. మెడలో స్కార్ఫు, నడుముకి బెల్టు, ఈల, చేతిలో పొడుగాటి కర్ర. మూడు వేళ్లతో సెల్యూటు. షేక్‌హ్యాండ్ మాత్రం ఎడమ చేత్తో. మా అమ్మ అది చూసి "ఎడంచెయ్యి ఇస్తార్రా ఎవరన్నా!" అని తిట్టింది కూడా.

నేను స్కౌట్ పిల్లల్ని మొదటిసారి చూసింది 1980 కృష్ణా పుష్కరాల్లో. నాకు పదేళ్లు. విజయవాడ రేవులో జనం నేల ఈనినట్టు ఉన్నారు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద పిల్లలు స్కార్ఫులు కట్టుకుని, చేతులు గొలుసులా పట్టుకుని ముసలివాళ్లని మెట్లు దింపుతున్నారు. తప్పిపోయిన ఒక చంటిదాన్ని ఒక కుర్రాడు భుజాన ఎత్తుకుని మైకు దగ్గరికి తీసుకెళ్లడం నా కళ్లముందు ఇప్పటికీ ఉంది. నేను కూడా అలా అవ్వాలనుకున్నా.

రెండేళ్ల తర్వాత మా జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు స్కౌట్ దళం పెట్టారు. యూనిఫారానికి డబ్బులంటే నాన్న ముందు ఒప్పుకోలేదు. మినుములు అమ్మాక చూద్దాంలే అన్నారు. అమ్మాక అడిగితే కుట్టించారు. ఆరేడుగురు పిల్లల్ని ఒక జట్టు చేసి దాన్ని పెట్రోల్ అనేవాళ్లు. మేము మొదట్లో బండికి పోసే పెట్రోలు అనుకున్నాం. మా జట్టు పేరు పులి. ఆడపిల్లల గైడ్స్ జట్లకి పూల పేర్లు.

ఇది ఎక్కడ పుట్టిందో మాస్టారు కొంత చెప్పారు. మిగతాది నేను తర్వాత చదివి తెలుసుకున్నా. చెప్తా వినండి.

బేడెన్ పావెల్ అని ఇంగ్లీషు సైన్యంలో అధికారి ఉండేవాడు. 1857లో పుట్టాడు. పందొమ్మిదేళ్లకే మన దేశానికి వచ్చి ఇక్కడి దండులో పనిచేశాడు. తర్వాత దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం వచ్చినప్పుడు మాఫెకింగ్ అనే చిన్న ఊరిని శత్రువులు చుట్టుముడితే, 217 రోజులు దాన్ని కాపాడాడు. అక్కడ పెద్దవాళ్లు తుపాకులు పట్టుకుంటే, పిల్లల దండు ఒకటి ఉత్తరాలు మోయడం, కబుర్లు చేరవేయడం, కాపలా కాయడం చేసింది. పిల్లలకి బాధ్యత ఇస్తే మోస్తారని ఆయనకి అక్కడ అర్థమైంది. అదే ముట్టడిలో నల్లజాతి వాళ్లకి తిండి సరిగా పెట్టలేదని చరిత్రకారులు ఆయన్ని తప్పుపట్టారు. అది కూడా మనం తెలుసుకోవాలి.

1907 ఆగస్టులో ఇంగ్లండులో బ్రౌన్‌సీ అనే దీవిలో ఓ ఇరవైమంది పిల్లలతో క్యాంపు పెట్టాడు. గొప్పింటి పిల్లల్ని, కూలీల పిల్లల్ని కలిపి పెట్టాడు. ఆ మరుసటి ఏడు పుస్తకం రాశాడు. అది చదివి పిల్లలే ఊరూరా జట్లు కట్టుకున్నారు. 1909లో లండన్‌లో స్కౌట్ల సభ జరిగితే కొందరు ఆడపిల్లలు పిలవకుండానే వచ్చి, మేమూ స్కౌట్లమే అని నిలబడ్డారు. ఆ మరుసటి ఏడు గైడ్స్ మొదలయ్యాయి. ఆయన చెల్లెలు ఆగ్నెస్ దాన్ని నడిపింది. అంటే గైడ్స్ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, ఆడపిల్లలు అడిగి తెచ్చుకున్నది.

ఇక మన దేశం సంగతి. 1909లో బెంగుళూరులో మొదటి దళం వచ్చింది. కానీ అందులో తెల్లవాళ్ల పిల్లలు, ఆంగ్లో ఇండియన్ పిల్లలే. మన పిల్లలకి ప్రవేశం లేదు. పిల్లల చేత ముడులేయించడానికి కూడా రంగు చూశారన్నమాట. మనవాళ్లు ఊరుకోలేదు. 1916లో మద్రాసులో అనీబిసెంట్, అరండేల్ కలిసి మన పిల్లలకి వేరే సంఘం పెట్టారు. అప్పుడు మన కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. వాళ్లు దొరటోపీ బదులు తలపాగా పెట్టుకుని, క్యాంపుల్లో మన పాటలే పాడుకునేవాళ్లు. ఉత్తరాదిన అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రు, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి తరఫున స్కౌట్ సంఘం నడిపారు.

1921లో బేడెన్ పావెల్ మన దేశం వచ్చాక కొన్ని సంఘాలు కలిశాయి. 1937లో మళ్లీ వచ్చి, భారతీయుల నడవడిక గురించి తేలికచేసి మాట్లాడాడు. దాంతో చాలామంది బయటికొచ్చేసి 1938లో హిందుస్థాన్ స్కౌట్ సంఘం పెట్టుకున్నారు. పెట్టినవాడిని పక్కనపెట్టారు, మంచి పనిని మాత్రం వదల్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ, మౌలానా ఆజాద్ పూనుకుంటే 1950 నవంబరు 7న సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. 1951 ఆగస్టు 15న గైడ్స్ సంఘం కూడా చేరింది. మా మెడలో పడ్డ స్కార్ఫు వెనక ఇంత గొడవ ఉంది.

ఇప్పుడు ముడుల సంగతి. మాస్టారు రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బౌలైన్ అని ఇంగ్లీషు పేర్లతో నేర్పేవారు. నోరు తిరిగేది కాదు. బౌలైన్‌కి ఆయన కథ కట్టారు. తాడులో చిన్న చుట్టు పుట్ట. తాడు కొస పాము. పాము పుట్టలోంచి పైకొచ్చింది, చెట్టు చుట్టూ తిరిగింది, మళ్లీ అదే పుట్టలోకి దూరింది. లాగండి. అంతే, ముడి పడింది. ఎంత లాగినా ఆ ఉచ్చు బిగుసుకోదు.

ఓ రోజు మేము గోడ అవతల ఇది సాధన చేస్తుంటే, ఊరి పశువులు కాసే తాత ఆగి చూశాడు. "ఇదా, దూడ మెడకి పలుపేసే ముడేగా" అని, చూడకుండానే రెండు సెకన్లలో వేసి చూపించాడు. ఉరి పడకుండా పశువుకి కట్టే ముడి అదే. గుంజకి తలుగు చుట్టే ముడేమో మాస్టారి క్లోవ్ హిచ్. ఈ సంగతి మాస్టారికి చెప్పాం. మర్నాడు ఆయన ఆ తాతని పిలిపించి, తన కుర్చీలో కూర్చోబెట్టి, మా అందరికీ ముడులు నేర్పించమన్నారు. ఆ రోజుల్లో ఆ తాతని ఊళ్లో ఎవరూ అరుగు మీద కూడా కూర్చోమనేవాళ్లు కాదు. తాత కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతులు వణికాయి. తాడు పట్టుకున్నాక వణుకు పోయింది.

మాస్టారు ముడుల మీద అంత పట్టు ఎందుకు పట్టేవారో ఒకసారి క్యాంపులో చెప్పారు. 1977 నవంబరు 19, శనివారం. మన దివిసీమవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రభుత్వ లెక్కే పదివేలకి దగ్గర. నాకు ఏడేళ్లు. మా ఊరు సముద్రానికి కొంచెం దూరం కాబట్టి బతికిపోయాం. మాస్టారి బంధువులు కింద ఊళ్లో ఉండేవాళ్లు. నీళ్లొచ్చినప్పుడు చెట్టెక్కి, పంచెతో పిల్లాడిని నడుముకి కట్టుకున్నారట. ముడి ఊడిపోయింది. అంతే చెప్పారు. ఆ తర్వాత చాలాసేపు నెగడు వైపు చూస్తూ కూర్చున్నారు. స్కౌట్ల నినాదం "సిద్ధంగా ఉండు". అప్పటిదాకా మాకది సెల్యూట్ కొట్టేటప్పుడు అరిచే మాట మాత్రమే.

మా అక్క గైడ్స్‌లో ఉండేది. నాకంటే బాగా ముడులేసేది, కట్లు కట్టేది. జిల్లా క్యాంపుకి ఎంపికైంది. ఆడపిల్ల నాలుగు రాత్రులు బయట పడుకోవడమేంటని మా పెద్దలు పంపలేదు. అదే క్యాంపుకి నన్ను పంపారు. బస్సు కదిలేటప్పుడు అక్క తన ఈల నా చేతిలో పెట్టింది. నేను దాన్ని క్యాంపులోనే పోగొట్టుకొచ్చా. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే అక్క నవ్వుతుంది. నాకే నవ్వు రాదు.

ఇక అసలు సంగతి. అప్పుడు నేర్చుకున్నదంతా సరైనదే అనుకోకండి. పాము కరిస్తే పైన గట్టిగా తాడు కట్టాలి, గాటు పెట్టి రక్తం కార్చాలి అని మాకు నేర్పారు. అప్పట్లో చాలాచోట్ల అదే చెప్పేవాళ్లు. 1996లో మా బాబాయిని చేలో రక్తపింజర కరిచింది. నేను పరుగున వెళ్లి, స్కౌట్‌నన్న ధీమాతో, మోకాలి కింద బిగించి కట్టా. మంచి ముడి వేశా, ఊడలేదు. ఆసుపత్రికి చేరేసరికి కాలు నల్లబడింది. ప్రాణం దక్కింది గానీ రెండు వేళ్లు తీసేశారు. విషం కొంత, నా కట్టు కొంత అన్నాడు డాక్టరు. బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. పోయేదాకా కుంటుతూనే చేలోకి వచ్చాడు. ఆయన వెనక గట్టు మీద నడిచిన ప్రతిసారీ నేను ఆ కాలే చూసేవాణ్ణి.

అందుకే చెప్తున్నా. పాము కరిస్తే గట్టిగా కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. విరిగిన కాలికి కట్టినట్టు కర్ర ఆనించి, కాలు కదలకుండా వదులుగా గుడ్డ చుట్టండి. మనిషిని నడిపించొద్దు. నాటు వైద్యమని ఆగకుండా, విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాగే పాత నూతిలోకి ఎవరైనా దిగి స్పృహ తప్పితే వెనకే ఇంకొకరు దూకొద్దు, లోపల చెడుగాలి ఉంటుంది. అసలు దిగేముందే నడుముకి, భుజాలకి బిగుసుకోని ముడితో తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకోవాలి. అదే ఆ దూడ పలుపు ముడి.

మాస్టారికి బదిలీ అయ్యాక మా బళ్లో దళం ఆగిపోయింది. మళ్లీ ఎవరూ పెట్టలేదు. కానీ సంస్థ దేశంలో ఇప్పటికీ ఉంది, కొన్ని బళ్లలో బాగానే నడుస్తోంది. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్, గైడ్స్‌కి వేరే కోటా కూడా ఉంది. బడి కమిటీ మీటింగుకి వెళ్తాం కదా, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల గురించి అడిగాక ఈ ముక్క కూడా హెడ్మాస్టరుని అడగండి. ఆడపిల్లల్ని క్యాంపుకి పంపండి. నేను మా బళ్లో అడిగా. నేర్పే మాస్టారు ఉంటే పెడతామన్నారు. ముడుల వరకు ఆదివారం పూట నేను వచ్చి నేర్పుతానని చెప్పా. ప్రథమ చికిత్స మాత్రం నర్సమ్మతో చెప్పించమన్నా.

మీ ఊరి బళ్లో స్కౌట్స్ ఉండేదా? ఏ సంవత్సరంలో? మీ మాస్టారు ఏం నేర్పారు? కింద రాయండి, అందరం చదువుకుందాం. మా తమ్ముడి కొడుకు పాము, పుట్ట, చెట్టు కథతో బౌలైన్ నేర్చుకున్నాడు. నిన్న దూడని వాడే కట్టాడు.

ఉంటాను. నీళ్లు పెట్టే టైమయింది.